బట్టీ చల్లారకముందే

"యజమాని తరఫున నేను మాట్లాడతాను. నువ్వు జవాబు చెప్పు," అన్నాడు నాన్న, కుర్చీ ఎదురుగా లాక్కుని.

ఆమె నల్లకోటు వేసుకుని ఏడాదైనా కాలేదు. కాసేపట్లో వాయిదా. గాజు ఫ్యాక్టరీ కార్మికుల కేసు. ఫ్యాక్టరీ దివాలా తీసిందని ఈపూట కోర్టు చేత అనిపించాలి. కొత్త చట్టం వచ్చాక, అలా ప్రకటిస్తే అప్పులవాళ్లు ఎవరికి దొరికింది వాళ్లు పట్టుకుపోవడానికి వీల్లేదు. ఫ్యాక్టరీని నడుస్తుండగానే అమ్మి, ముందు జీతాల బాకీ తీర్చాలి.

నడుస్తుండగానే. చిక్కంతా అక్కడే. బట్టీ ఒకసారి చల్లారిందంటే లోపలి గాజు బండలా బిగుసుకుపోతుంది. ఆ తర్వాత దాన్ని పగలగొట్టడమే. ఉన్న ఇంధనం ఈ వారం గట్టెక్కిస్తే గొప్ప.

"ఇంకొక్క ఆర్నెల్లు గడువిప్పించండి," అన్నాడు నాన్న గొంతు తగ్గించి. "నిలదొక్కుకుంటాను. ఈ ఫ్యాక్టరీ తప్ప నాకు వేరే బతుకు తెలీదు."

ఆమె చేతిలోని కాగితం వంక చూసింది.

"కాగితం కాదు. నా మొహం చూసి చెప్పు."

"గడువు ఇదివరకే ఇచ్చారు. ఇచ్చిన ప్రతిసారీ..."

"ప్రతిసారీ?"

"జీతాలే ఆగాయి."

"నువ్వంత మెత్తగా అంటే జడ్జీ మెత్తబడతాడు. నీ జాలి యజమానికి అక్కర్లేదమ్మా, కార్మికులకి కావాలి. మళ్లీ అను."

మళ్లీ అంది. మరోసారి అంది. చివరికి కాగితం బోర్లించి, నాన్న మొహం చూస్తూ అంది.

"తండ్రీకూతుళ్లు కోర్టు ఇంట్లోనే పెట్టారు," అంది అమ్మ, టీ గ్లాసులు బల్లమీద పెడుతూ. "నా శిక్షేంటో కూడా చెప్పేస్తే సామాను సర్దుకుంటాను."

నాన్న చొక్కా మార్చుకోవడానికి లేచాడు.

కోర్టు మెట్ల దగ్గర మేస్త్రీ ఎదురొచ్చాడు. గొట్టంతో గాజు ఊదీ ఊదీ బుగ్గలు సాగిపోయిన మనిషి. వెనకాల మిగతా కార్మికులు.

"ఎవరైనా పెద్ద లాయర్ని పెట్టుకోవాల్సింది బాబాయ్," అంది ఆమె.

"పెద్దాళ్లు ఫీజు ముందడిగారు తల్లీ. అయినా అన్నీ తెలిసే నీ దగ్గరికొచ్చాం. చెయ్యలేనంటే ఇప్పుడే చెప్పు, ఏమీ అనుకోం."

"చేస్తాను."

యజమాని లాయర్ని పెట్టుకోలేదు. బట్టీ తాకట్టులో ఉంది కాబట్టి తమకే దక్కాలన్నాడు బ్యాంకు లాయరు. తర్వాత ఆమె లేచింది. ఎక్కడా తడబడలేదు.

"ఈ ఫ్యాక్టరీ ఇక కోలుకోదండీ," అంది ఆఖరున. "కోలుకుంటుందన్న ఆశ మీదే ఇన్నాళ్లూ నడిచింది. ఆ ఆశకైన ఖర్చు కార్మికులు భరించారు."

మేస్త్రీ ముంజేత్తో కళ్లు తుడుచుకున్నాడు.

జడ్జి కళ్లజోడు తీశాడు. "దివాలా ప్రకటించడానికే మొగ్గుతున్నాను. ఆర్డరు వేశాక యజమానికి ఆ గేటు లోపల ఏ హక్కూ ఉండదు. హామీగా పెట్టిన సొంత ఇల్లూ పోతుంది. అభ్యంతరముంటే ఇప్పుడే చెప్పాలి. యజమాని వచ్చారా?"

ఆమె కాగితాల మీంచి తలెత్తలేదు.

వెనక బెంచీలోంచి నాన్న లేచి, "వచ్చానండీ, అభ్యంతరం లేదు," అన్నాడు.