డీజిల్ చప్పుడు

చింతపండు కొందామని వచ్చిన వెంకటనారాయణ కారు దిగేసరికి గూడెంలో మనిషి లేడు. పొయ్యిల మీద జావ మాత్రం ఉడుకుతోంది.

"ఎవడో ముందే వచ్చి సరుకంతా ఎత్తుకుపోయాడ్రా!" అన్నాడు డ్రైవరుతో.

పరుగెత్తలేక గుడిసె ముందు మంచంలోనే ఉండిపోయిన ముసలి ఎర్రమ్మ పకపకా నవ్వింది.

"సరుకు యాడికీ పోలే సేటూ. నీ కారు సప్పుడికి జనమే అడవిల పడ్డరు. ఫారెస్టోళ్ల జీపనుకున్నరు."

"జీపేంటవ్వా, అంబాసిడరు! పెట్రోలు దండగని మొన్ననే డీజిల్ ఇంజను వేయించా. ఖర్చు సగానికి సగం!"

"పోయినేడు పిల్లి లెక్క వచ్చేటోనివి. ఇప్పుడు ఊరంతా దడదడ."

"నాలుగుసార్లు వింటే అలవాటైపోద్దిలే. ఇక పారిపోరు."

ఎర్రమ్మ నవ్వు ఆగింది.

"గదే నా భయం. అడవి కొట్టి పోడు ఏసుకున్నోళ్లం. సప్పుడు వస్తె సేటే గదా అని కూసుంటం. గా రోజే నిజం జీపొస్తది."

వెంకటనారాయణ కారు వైపు తిరిగి చూశాడు. డీజిల్‌తో మిగిలేదెంతో పైసలతో సహా లెక్క కట్టాడు గానీ, ఈ పద్దు అందులో లేదు.

అమ్మేవాళ్లు లేరు, తిరిగి వెళ్దామని డ్రైవరు కారెక్కి తాళం తిప్పబోయాడు.

"ఆగరా! స్టార్టు చెయ్యకు. దారిలో దాటొచ్చిన వాగు అవతలికి తోద్దాం, అక్కణ్నుంచి చప్పుడు ఇక్కడికి వినపడదు. ఇకనుంచి అక్కడే ఆపి నడిచొద్దాం."

"అంతదూరం ఇద్దరమేనా బాబూ?"

వెంకటనారాయణ పంచె ఎగ్గట్టి భుజం ఆనించాడు. చెట్ల చాటునుంచి ఒకడు నవ్వుకుంటూ వచ్చి చెయ్యేశాడు. వాగు చేరేసరికి కారు వెనక గూడెమంతా ఉంది.