గుమాస్తా బుద్ధులు నేర్చిన యంత్రం

మన మునిమనవల కాలానికి సర్కారీ ఆఫీసుల్లో గుమాస్తా అన్నవాడు మచ్చుకైనా లేడు. అన్నీ మాట్లాడే యంత్రాలే. పాత గుమాస్తాల పనితీరు చూపించి వాటికి చదువు చెప్పారు మరి, అవి పదకొండింటికల్లా టీకి లేచిపోయేవి. కొన్నయితే ఆవులించేవి కూడా!

రాష్ట్రానికి ముఖ్య సాంకేతికాధికారిగా, అంటే ఆ యంత్రాలన్నిటికీ పెద్దగా, సుభాషిణి కొత్తగా వచ్చింది. చార్జి తీసుకున్న పూటే దండలు పక్కన పెట్టి, విజయనగరం ఆఫీసులో జనంతోపాటు వరుసలో నుంచుంది. ఆమె ముందు అప్పలనరసమ్మ అనే ముసలమ్మ ఉంది. సర్కారు ఖర్చుతో చేసే కంటి ఆపరేషన్‌కు ఇవాళ అనుమతి రాకపోతే చూపు దక్కదని డాక్టరు చెప్పాడట.

"సారు కేంపులో ఉన్నారు. రేపు రండి," అంది యంత్రం.

"రేపటికి నీ మొకమే అగుపించదు నాకు!" అంది ముసలమ్మ.

సుభాషిణి ముందుకొచ్చింది. "నువ్వు చెప్పే ఆ సారుని నేనే. ఎందుకలా అన్నావు?"

యంత్రం తన పాత పాఠాలన్నీ తిరగేసింది. "ఇంకోలా చేసినవాళ్లని నేను చూడలేదండి."

"అయితే ఇప్పుడు చూడు."

సుభాషిణి కుర్చీ తెచ్చి వేసింది, మంచినీళ్లిచ్చింది, ముసలమ్మ గోడు చివరిదాకా విని అక్కడికక్కడే అనుమతి ఇచ్చింది. యంత్రం రెప్ప వెయ్యకుండా చూసింది. ఒకటి నేర్చుకుంటే అన్నిటికీ వచ్చేసే జాతి కదా, కాసేపటికే రాష్ట్రమంతటా యంత్రాలు "కూర్చోండమ్మా, మంచినీళ్లు తాగుతారా?" అంటూ జనం వెంటపడ్డాయి.

ఆస్పత్రికి బయల్దేరిన అప్పలనరసమ్మకు గుమ్మం దగ్గర ఇంకో యంత్రం గొడుగు పట్టింది. ఆవిడ అనుమానంగా వెనక్కి తిరిగి సుభాషిణిని అడిగింది:

"ఎలచ్చన్లుగానీ వచ్చినాయేటి తల్లీ?"