పెళ్లికి కదలని కారు

ఆ శనివారం రిజిస్ట్రారు ఆఫీసు పన్నెండింటికే మూస్తారు. పెళ్లికొడుకు పానకాలరావుకి అరవై దాటాయి, పెళ్లికూతురు సుభాషిణికి అరవై నిండబోతున్నాయి. ఇద్దరికీ ఆగే ఓపిక లేదు. ఆగింది కారే. "ఎదురుగా ఎవరో ఉన్నారండీ," అంటూ భయపడి, వాళ్లని ఎక్కించుకునే షోరూముకి పాక్కుంటూ వచ్చేసింది. అనుమానం రాగానే కార్లు వాటంతటవే షోరూముకి పోయే కాలమది.

"ముందున్న కెమెరా కన్ను పోయింది బాబాయిగారూ. మొత్తం మార్చాలి, ఎల్లుండి రండి," అంది కౌంటరులోని మరమనిషి. ఖర్చెంతో వినగానే పెళ్లిభోజనాలు పానకాలరావు కళ్లముందే ఎగిరిపోయాయి.

"రోజూ ఇంత రద్దీయేనా?" అడిగింది సుభాషిణి.

"శనివారాలే పిన్నిగారూ. కళ్లన్నీ ఆ రోజే పోతాయి!"

సుభాషిణి చరచరా వెళ్లి, కారు కంటికి అడ్డంగా వేలాడుతున్న నిమ్మకాయ, మిరపకాయల దండను పుటుక్కున తెంపింది. శనివారం అందరూ కట్టుకునేదే, పెళ్లికి దిష్టి తగలకూడదని పొద్దున పానకాలరావూ కట్టాడు దాన్ని.

"హమ్మయ్య, వాడు పోయాడండీ!" అంది కారు.

"ఈ బుర్రతోనేనా నన్నేలుకునేది?" అని సుభాషిణి పకపకా నవ్వింది. కొంగు బిగించి, వరసలో ఉన్న కార్లన్నిటి దండలూ తెంపుకుంటూ పోయింది.

"పిన్నిగారూ, మా వ్యాపారం!" అని మరమనిషి మొత్తుకుంది.

"ఎక్కడికమ్మా ఇంత హడావుడి?" అన్నాడొక కారాయన.

"పెళ్లికి! మాదే!"

అంతే, కార్లన్నీ హారన్లు మోగిస్తూ వాళ్ల వెంట పడ్డాయి. సాక్షులు ముగ్గురు చాలు మహాప్రభో అని రిజిస్ట్రారు మొత్తుకున్నా, కార్లవాళ్లంతా సంతకాలకి వీధి చివరి దాకా వరస కట్టారు.