ఉరుముకు గడియెందుకు?

"ఆలస్యంగా రావడం, పైగా ఆయాసం! ముందు కూర్చోండమ్మా," అన్నాడు టేబుల్ వెనక కుర్చీలో ఉన్న కళ్లజోడాయన.

దర్జీ కూతురి గుండె గుభేలుమంది. దంచికొడుతున్న వానకు బస్సు దారిలోనే ఆగిపోయింది మరి. ఈ నిఘంటువు ఆఫీసులో ఉన్నది ఒకే ఒక్క ఉద్యోగం. సూదిలోకి దారం ఎక్కించడానికి నాన్న తడుముకోవడం మొదలైన దగ్గర్నుంచి, ఆ ఇంట్లో మొట్టమొదట డిగ్రీ చదివిన ఆమెకు కంటి మీద కునుకు లేదు. కుర్చీ అంచున కూర్చుంది.

కరెంటు లేదు. గదిలో వాళ్లిద్దరే. కిటికీ అవతల ఫెళ్లున పిడుగు పడింది.

"థండర్‌బోల్ట్," అన్నాడాయన అటే చూస్తూ. "ఆ మాట ఎలా పుట్టిందో చెప్పగలరా?"

ఆమె నోరు తెరిచేలోపే ఆయన మళ్లీ అందుకున్నాడు.

"బోల్ట్ అంటే తలుపు గడియ కదా? ఉరుముకు గడియెందుకమ్మా, దొంగలు పడతారనా?"

తికమకపెట్టి చూస్తున్నాడు! పోయినసారి ఇంటర్వ్యూలో ఇలాంటి ఎకసెక్కానికే ఆమెకు నోరు పెగల్లేదు. ఈసారి ఊపిరి బిగబట్టింది.

"పిడుగు మాటలో గడియ కాదు సార్, బాణం. పాతకాలంలో పొట్టిగా, లావుగా ఉండే బాణాన్ని బోల్ట్ అనేవాళ్లు. పిడుగు కూడా పైనుంచి ఎవరో వేసిన బాణమే అనుకున్నారు. అందుకే ఉరుముకు బాణం తగిలించారు."

"ఎప్పటి మాట?"

"ఐదొందల ఏళ్లు దాటింది సార్."

"ఏదీ, ఇంకోసారి. నిదానంగా."

తప్పు చెప్పానా? పొల్లు పోకుండా మళ్లీ చెప్పింది. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు.

"అరటిపండు ఒలిచి చేతిలో పెట్టారు కదమ్మా!"

ఆ మాటతో ఆమెకు ప్రాణం లేచొచ్చింది. నాన్నకు ఫోన్లో ఏమని మొదలుపెట్టాలో కూడా అనుకుంటోంది.

అంతలో లోపలి గది తలుపు తెరుచుకుంది. అటెండరు తల బయటపెట్టాడు.

"పొద్దుట్నుంచి అందరినీ అడుగుతున్నది ఆ థండర్‌బోల్ట్ ఒక్కటే, ఒక్కళ్లూ చెప్పలేదు. ఎవరు ముందు చెబితే వాళ్లదే ఉద్యోగం అంటున్నారు పెద్దసారు. తర్వాత ఎవరండీ?"

"నేనే," అంటూ కళ్లజోడాయన లేచాడు.