ఆకలి ఏడుపు కాదు

పాప మళ్లీ పాలు కక్కింది.

ఈసారి ముత్తరసి చీర మీదే కాదు, బెంచీ మీద పక్కన కూర్చున్నావిడ చీర మీద కూడా పడ్డాయి.

తెన్‌కాశి సర్కారు ఆసుపత్రిలో ఆ రోజు పిల్లలకు టీకాలు. వరండా నిండా తల్లులు, ఏడుపులు.

"అయ్యో, ఏమీ అనుకోకక్కా!" ముత్తరసి కొంగుతో తుడవబోయింది.

"పాలేగా తల్లీ, ఉతికితే పోతాయి," అందావిడ. సన్నటి మనిషి. కాళ్ల దగ్గర ప్రయాణం సంచి ఉంది.

ముత్తరసి పాపకు మళ్లీ రొమ్ము అందించింది. కుయిలి నాలుగు గుక్కలు తాగి, వదిలేసి, వెనక్కి విరుచుకుని ఏడుపు లంకించుకుంది.

"ఆకలే ఆకలి! ఇంకా పట్టు," అంది అత్తగారు ఇసక్కియమ్మాళ్. "నీకు పాలెక్కడివి? వెల్లుల్లి పులుసు తినవే అంటే మూతి తిప్పుతావ్."

"పూటపూటా తింటూనే ఉన్నాగా అత్తా! ఇంట్లో వెల్లుల్లి కంపు భరించలేక మీ అబ్బాయి అరుగు మీద పడుకుంటున్నాడు."

పక్కావిడ ఫక్కున నవ్వింది.

"అది ఆకలి ఏడుపు కాదు పెద్దమ్మా," అంది. "తాగిన పాలు గొంతులోకి తన్నుకొచ్చి మండుతున్నట్టుంది. చూడండి, నోట్లో పాలు లేకపోయినా గుటకలు మింగుతోంది."

నిజమే. ముత్తరసి ఇన్నాళ్లూ చూసింది గానీ గమనించలేదు.

"పడుకోబెడితే ఎక్కువ ఏడుస్తుందా?"

"అవునక్కా. నిలువుగా ఎత్తుకుంటే ఊరుకుంటుంది."

"పచ్చగా కక్కుతుందా? నెత్తుటి జీరలేమైనా?"

"లేదక్కా, ఉత్త పాలే."

"బరువు పెరుగుతోందా? ఒంటేలు బాగా పోస్తోందా?"

"బరువు బాగానే ఉందన్నారు. ఒంటేలంటావా, వాళ్ల నాన్న చొక్కాలన్నీ తీగ మీదే ఉంటున్నాయి!"

"అయితే కంగారు లేదు. నేనడిగిన వాటిల్లో ఏది తేడాగా ఉన్నా డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తాలి. ఏదీ, ఒకసారి ఇటివ్వు."

ఆవిడ పాపను భుజానికి ఆనించుకుంది. మెడ కింద చెయ్యి వేసి, వీపు నెమ్మదిగా నిమిరింది.

కాసేపటికి కుయిలి గట్టిగా త్రేన్చింది.

"ఓసినీ! విందు తిన్న పెద్దమనిషిలా త్రేన్చిందే!" అంది ఇసక్కియమ్మాళ్. వరండా అంతా నవ్వింది.

"కొంచెం కొంచెంగా పట్టు తల్లీ. తల ఎత్తుగా ఉంచి పట్టు. మధ్యలో ఆపి ఇలా త్రేన్పు తెప్పించు. తాగాక కాసేపు నిలువుగానే ఎత్తుకో. నిద్రపోతే మాత్రం వెల్లకిలానే పడుకోబెట్టాలి, బోర్లా వద్దు."

"ఇవన్నీ నీకెలా తెలుసక్కా?"

"మా అక్క పిల్లలు ఇంతే. నా భుజం మీదే పెరిగారు."

కుయిలి నిద్రపోయింది. ఆవిడ కళ్లు మూసుకుని, పాప తలకు చెంప ఆనించింది. చాలాసేపు అలాగే ఉండిపోయింది.

ఇసక్కియమ్మాళ్ అది చూసింది.

"నీకెంతమంది పిల్లలమ్మా?"

"ఒక్కడే పెద్దమ్మా."

"వాడెక్కడ?"

వీపు నిమిరే చెయ్యి ఆగింది.

"లేడు. పుట్టాడు, వెళ్లిపోయాడు."

ఇసక్కియమ్మాళ్ ముఖం మారిపోయింది.

"బిడ్డనిలా తే."

"అత్తా!" అంది ముత్తరసి.

"నువ్వూరుకో. వట్టి ఒడి మనిషి కన్ను పాలుతాగే బిడ్డ మీద పడకూడదు."

గొంతు తగ్గించే అంది. కానీ ఆవిడకు వినబడింది.

ఆవిడ పాపను జాగ్రత్తగా అందించింది.

"నిలువుగానే పట్టుకోండి పెద్దమ్మా. పడుకోబెడితే మళ్లీ మండుతుంది, పాపం."

సంచి అందుకుని నర్సుల గదిలోకి తొంగి చూసింది. ఎవరూ లేరు. గేటు దాకా వెళ్లి, ఒకసారి వెనక్కి తిరిగి చూసి, వెళ్లిపోయింది.

కుయిలికి సూది వేశారు. గుక్కపట్టి ఏడ్చింది. ముత్తరసి పాప తల ఎత్తుగా పెట్టి, కొంచెం పట్టి, ఆపి, త్రేన్పు తెప్పించి, మళ్లీ పట్టింది.

పాప విరుచుకోలేదు. కక్కలేదు. నాయనమ్మ భుజం మీదే నిద్రపోయింది.

ఇసక్కియమ్మాళ్ ఆవిడ నిమిరినట్టే వీపు నిమురుతూ కూర్చుంది.

"నోరు జారానే ముత్తరసీ," అంది చివరికి. "బంగారం లాంటి పిల్ల. పేరైనా అడగలేదు."

అప్పుడే నర్సు ఎస్తేర్ పరుగులాంటి నడకతో వచ్చింది.

"వడివు ఏదీ? సన్నగా, సంచితో ఉంటుంది. ఈ బెంచీ మీదే కూర్చోమన్నాను. ఇంతలో కాన్పు కేసొచ్చి ఇరుక్కుపోయాను."

"ఇందాకే వెళ్లింది సిస్టర్."

"అయ్యో, వెళ్లిపోయిందా! ఈ బస్సుకే తిరుప్పూర్ వెళ్లిపోతున్నారు, మొగుడికి అక్కడ మిల్లులో పని. పోయే ముందు మీ కుయిలిని ఒక్కసారి కళ్లారా చూడాలంది. ఏ బిడ్డో ఆమెకు తెలీదు, నేనే చూపించాలి."

ఎందుకని ఇసక్కియమ్మాళ్ అడగలేదు. పాపను భుజాన వేసుకుని గేటు వైపు పరుగు తీసింది. ఆ వయసులో ఆమె అలా పరుగెత్తగలదని ముత్తరసికి అప్పటిదాకా తెలియదు.

రోడ్డు మీద బస్సు లేదు. దుమ్ము మాత్రం ఇంకా లేస్తూ ఉంది.

ఆయాసపడుతూ తిరిగొచ్చింది.

"ఎవరు సిస్టర్ ఆ పిల్ల?"

ఎస్తేర్ నిద్రపోతున్న కుయిలి తల నిమిరింది.

"కాన్పయ్యాక ముత్తరసి తెలివి లేకుండా పడి ఉన్నప్పుడు, తన కొడుకును పూడ్చిన మర్నాడే వచ్చి, మీ మనవరాలి కోసం తన పాలు పిండి నా చేతికిచ్చిన తల్లి."