కూత

ఎల్లన్న తన ఆటోలోంచి సారయ్యను దింపేసరికే గ్రౌండు లోపల ఆట నడుస్తోంది.

"గిదేందిరా, అప్పుడే మొదలువెట్టిన్రా?" సారయ్య కంగారు పడ్డాడు.

"నీ బిడ్డ ఆట మగపిల్లల ఆట అయినంకనే అన్నరు గదనే. నువ్వు గీడ నీడకు కూసో. నేను ఒక గిరాకి చూసుకొని వస్త." ఎల్లన్న జనం వెనకనుంచే అతణ్ణి చేయి పట్టి తీసుకెళ్లి గ్రౌండు మూల బెంచీ మీద కూర్చోబెట్టి, ఆటో తిప్పుకుని వెళ్లిపోయాడు.

సారయ్యకు చూపు లేదు. పాతికేళ్ల కష్టాన్ని భివండీ మగ్గాలు మింగాయి, రెండు కళ్లను షుగరు మింగింది. చెవులు మాత్రం మిగిలాయి. ఆ చెవులతో కూతురి కూత వినాలనే నంగునూరు నుంచి సిద్దిపేటకు వచ్చాడు.

కబడ్డీలో యాదలక్ష్మికి కూత నేర్పింది తనే. తల్లి లేని పిల్ల. వాకిట్లో ముగ్గుపిండితో గీత గీసి, "గొంతుల కెళ్లి గాదు బిడ్డా, బొడ్డుల కెళ్లి రావాలె" అని చెప్పేవాడు. ఆ పిల్ల కూత పెడితే కొత్త బొంగరం తిరిగినట్టు సన్నగా, ఎక్కడా తెగకుండా సాగేది. పక్కింటి సుమిత్రమ్మ చేట పక్కన పెట్టి మరీ వినేది.

ఆ గొంతు విని ఆరు నెలలు దాటింది. కోచ్ దేవదాసు సార్ క్యాంపుకు తీసుకుపోయిన కొత్తలో ఫోన్లు వచ్చేవి. తర్వాత మెసేజీలే. 'గొంతు పట్టింది బాపు. మాట్లాడొద్దన్నరు' అని ఎల్లన్న చదివి వినిపించేవాడు. అందుకే సారయ్య చొక్కా జేబులో కరక్కాయ ముక్కలు వేసుకొచ్చాడు. బుగ్గన పెట్టుకుంటే ఎంత పట్టిన గొంతైనా విడుతుందని అతని నమ్మకం.

మైకు పాడైందట, ఎవరు ఆడుతున్నారో చెప్పేవాళ్లు లేరు. ఈలల్లో, కేకల్లో ఎవరి కూతా సరిగా వినబడటం లేదు. ఒక్కటి మాత్రం అన్నింటినీ తోసుకుని వస్తోంది. బొంగురు గొంతు. మొద్దులో రంపం ఇరుక్కున్నట్టు గరగరమంటోంది. అది లేచినప్పుడల్లా జనం కూడా లేచి అరుస్తున్నారు.

"ఎవరన్నా అది?" పక్కనున్న మనిషిని అడిగాడు సారయ్య.

"ఏడో నంబరు. మన జిల్లాదే," అన్నాడాయన. ధూళిమిట్ట రైతట, ఆటంటే ప్రాణమట. "ఏం ఆటనే అన్నా! మళ్ల ఇద్దరు ఔట్. పులి, పులి!"

"బాగ బలమున్నట్టుంది."

"బలమా? చేతుల దండలు చూస్తె పహిల్వాన్లు గూడ సిగ్గువడాలె. మెడ అయితె ఎద్దు మెడ లెక్క. కిందటేడు చూసినప్పుడు ఊదితె పడేటట్టుండె. ఏడాదిల గింత కండ ఏడికెళ్లి వచ్చెనో!"

సారయ్యకు మర్కూక్ ఊరి పిల్లవాడు బాలరాజు గుర్తొచ్చాడు. వాడూ కబడ్డీయే. కండ పెరగాలని సూదులు పొడిపించుకుని, రాష్ట్ర జట్టులోకి వెళ్లాల్సినవాడు దవాఖానలో నెత్తురు కక్కుకుని పోయాడు. లివరు కుళ్లిపోయిందన్నారు. ఆ చావు కబురు విన్నరోజే సారయ్య దేవదాసు సార్‌ను పట్టుకుని నిలదీశాడు.

"గవన్ని మగపోరల పిచ్చి పనులు, సారయ్యా. నా పిల్లలకు విటమిన్ సూదులు తప్ప ఇంకోటి ఇయ్య," అన్నాడాయన. సారయ్య నమ్మాడు. నమ్మక ఏం చేస్తాడు?

"అన్నా, మొఖం మీద మొటిమలున్నయా?" మెల్లగా అడిగాడు.

"నిండ ఉన్నయి. నీకెట్ల తెలుసు?"

"సూదులన్నా. గవే సూదులు." బాలరాజు తల్లి మొటిమలు నిండిన కొడుకు ముఖం తలుచుకుని ఏడవడం అతనింకా మరిచిపోలేదు. "కప్పు కోసం గింత పాపమా? ఆ పొడిచినోని చెయ్యి పడిపోను!"

"గిప్పుడు అందరు గంతేనే. గెలిస్తె కొలువొస్తదని ఇంటోళ్లు గూడ ఊకుంటరు."

"ఊకుంటరా?" సారయ్యకు కోపం ముంచుకొచ్చింది. "కన్నపానం కండ్ల ముందర కరాబైతుంటె ఊకుంటరా? గాళ్ల నాయినకు కండ్లు లేవా అన్నా?"

పక్కాయన బెంచీ మీద కాస్త జరిగాడు. అప్పుడే చూశాడేమో ఈ మనిషి కళ్లలోకి.

మళ్లీ ఆ గరగర కూత లేచింది. మధ్యలో ఒకసారి తెగబోయి, ఎగశ్వాసతో ఎలాగో అందుకుంది. ఆ ఆయాసం సారయ్య గుండెలో గుచ్చుకుంది. ఏ తల్లి కన్న బిడ్డో! "కొమురెల్లి మల్లన్నా, ఎవరి పానమో ఏమో, నువ్వే చూడు తండ్రీ," అని చేతులు జోడించాడు. తన పిల్లకు ఆ గతి పట్టనందుకు లోపల ఎక్కడో చల్లగా కూడా అనిపించింది. మనిషి కదా.

పొడుగ్గా విజిల్ పడింది. గ్రౌండంతా దద్దరిల్లింది.

"గెలిచినం!" ధూళిమిట్ట రైతు తువ్వాలు గాల్లో తిప్పుతూ గుంపులోకి పరుగెత్తాడు.

హమ్మయ్య, ఇక ఆడపిల్లల ఆట. సారయ్య ముఖం తుడుచుకుని, చొక్కా సరిచేసుకుని నిటారుగా కూర్చున్నాడు. జేబులోంచి కరక్కాయ ముక్కలు తీసి గుప్పిట్లో పట్టుకున్నాడు. యాదలక్ష్మి కూతకు పోకముందే ఎవరితోనైనా పంపించాలి.

ఎవరో రొప్పుతూ వచ్చి అతని కాళ్ల దగ్గర కూలబడ్డారు. చెమట వాసన గుప్పుమంది. బరువైన చేయి ఒకటి అతని మోకాలి మీద పడింది.

"బాపూ," అంది ఏడో నంబరు బొంగురు గొంతు, "నా కూత విన్నవా?"