ఉయ్యాల కొక్కెం

బ్రోకరిచ్చే కంప్యూటర్ కళ్ళద్దాలు పెట్టుకుంటే చాలు, ఖాళీ ఫ్లాటులో సోఫాలు, పరదాలు, పూలకుండీలు వాటంతటవే అమరిపోయి కనిపిస్తాయి. మధురవాడలో ఇప్పుడు ఇళ్ళన్నీ అలాగే అమ్ముతున్నారు. మొదటిసారి ఇల్లు అమ్ముతున్న హైమ, కొనేవాళ్ళకంటే ముందు తనే ఆ అద్దాలు పెట్టుకుని చూసింది. చిన్నగదిలో చీర ఉయ్యాల ఊగుతోంది.

"ఇదెవరు కట్టమన్నారండీ?" అద్దాలు తీసి బ్రోకరుని అడిగింది.

"ఎవరూ చెప్పక్కర్లేదమ్మా. పైన కొక్కెం కనబడితే అద్దాల్లో కంప్యూటరే కట్టేస్తాది," అన్నాడు బ్రోకరు. "వద్దనుకుంటే కొక్కెం పీకించెయ్యండి."

పోయినేడు కాన్పుకి వెళ్ళి ఆసుపత్రి నుంచి ఉత్తచేతులతో తిరిగొచ్చాక, భార్యాభర్తలిద్దరూ ఆ గదిలో అడుగుపెట్టలేదు.

ఆమె భర్త శ్రీకర్ స్టూలెక్కాడు. ఎంత తిప్పినా కొక్కెం ఊడి రాలేదు. బిడ్డ బరువు మోయాలని తనే అంత గట్టిగా బిగించాడు.